బ్రెజిల్ రాజధాని తెలిస్తే సగం సస్పెన్స్ అవుటే

ముందే చెప్తున్నా, ఇది 1998లో వచ్చిన సినిమా, కాబట్టి హంతకుడు ఎవడు, ఎవరు పోతారు, ఎవరు మిగులుతారు అన్నీ కింద ఉంటాయి. ఇన్నేళ్లయినా చూడకపోతే నేనేం చెయ్యను. 'ఐ స్టిల్ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్' అని అంత పొడుగు పేరు, మేం హాస్టల్లో 'కొక్కెం సినిమా రెండో పార్టు' అనేవాళ్లం, ఇక్కడ కూడా అదే అంటా, ప్రతిసారీ అంత టైప్ చేసే ఓపిక లేదు.

2002 అనుకుంటా, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా బ్లాక్ మొత్తానికి ఒక్కడి దగ్గరే కంప్యూటర్, శనివారం రాత్రి వాడి రూమే మా థియేటర్. కాలేజీ ఎదురుగా సీడీల షాపు, పేరు వద్దులే, రోజుకి పది రూపాయలు అద్దె, ఐడీ కార్డు తాకట్టు పెట్టి రావాలి. ఈ సినిమా రెండు సీడీలు. మొదటిది అయిపోగానే ఒకడు కాయిల్ హీటర్ మీద మ్యాగీ పెట్టేవాడు, అదే మాకు ఇంటర్వెల్. సినిమాలో రేడియో వాళ్లు ఫోన్ చేసి బ్రెజిల్ రాజధాని చెప్పండి, బహమాస్ ట్రిప్ గెలుచుకోండి అంటారు, ఆ అమ్మాయిలిద్దరూ కంగారు పడుతుంటే ఇక్కడ మా రూమ్‌లో తొమ్మిది మందిమి ఒకేసారి 'రియో' అని అరిచాం. ఆ ఏడాదే బ్రెజిల్ వరల్డ్ కప్ కొట్టింది, రొనాల్డో ఆ పిచ్చి కటింగ్‌తో తిరిగాడు, మావాళ్లంతా రాత్రికి రాత్రి బ్రెజిల్ ఫ్యాన్స్ అయిపోయారు, రాజధాని మాత్రం ఒక్కడికీ తెలీదు. రియో కరెక్ట్ అన్నారు సినిమాలో, మేం కూడా ట్రిప్ గెలిచినట్టే చప్పట్లు కొట్టుకున్నాం.

సరే, రెండో సీడీలో క్లైమాక్స్ దగ్గరికొచ్చాక, హీరోయిన్ వానలో పరిగెడుతుంటే, బొమ్మ గడులు గడులుగా విడిపోయి ఆగిపోయింది. తుడిచాం, ఊదాం, బనీన్‌తో రుద్దాం, ఒకడు టూత్‌పేస్ట్ కూడా రాశాడు, ఉహూ. పొద్దున్నే షాపుకెళ్లి అడిగితే మీరే గీకేశారు అని ఇంకో ఇరవై రూపాయలు తీసుకున్నాడు మహానుభావుడు. క్లైమాక్స్ ఏంటి అంటే, అంతకుముందే ఫుల్లుగా చూశానని చెప్పుకున్న ఒకడున్నాడు, వాడు చాలా ధీమాగా 'ఆ హీరోనేరా కిల్లర్, చివర్లో కొక్కెం పట్టుకుని వస్తాడు' అన్నాడు. నమ్మేశాం. నేనైతే చాలా ఏళ్లు అదే నిజం అనుకుని, ఇంకో నలుగురికి కూడా చెప్పా.

మొన్న సంక్రాంతికి అక్కావాళ్లు వచ్చినప్పుడు మళ్లీ చూశా, ఈసారి చివరిదాకా. నా మేనకోడలు డిగ్రీ అయిపోయి గ్రూప్-2కి ప్రిపేర్ అవుతోంది, ఆ పిల్లకి హారర్ సినిమాలంటే ప్రాణం, ఈ సిరీస్‌లో కొత్తది 2025 జూలైలో రిలీజైంది కదా, దాని గురించి రీల్స్ చూసి పాతవి చూద్దాం మావయ్యా అని పట్టుబట్టింది. మొదటి పార్టు ఒక రాత్రి, రెండోది మర్నాడు రాత్రి. రేడియో ఫోన్ సీన్ వచ్చింది. సినిమాలో రియో అనగానే పక్కనుంచి, జంతిక నములుతూ, తల కూడా తిప్పకుండా 'రియో ఏంటి మావయ్యా, బ్రెసీలియా కదా, 1960లో మార్చారు, ఆ ఫోన్ ఫేక్' అంది. అంతే. నూట ఇరవై రూపాయలు పెట్టి అద్దెకి తీసుకున్న సినిమా, మొదటి పదిహేను నిమిషాల్లో గుట్టు బయటపెట్టేసింది. జీకే బిట్లు బట్టీ పట్టేవాళ్లతో సస్పెన్స్ సినిమా చూడకండి, నా మాట వినండి.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. మొదటి పార్టు 1997 అక్టోబర్‌లో వచ్చింది, నార్త్ కరోలినాలో సౌత్‌పోర్ట్ అనే చేపలు పట్టే ఊరు, జూలై 4 రాత్రి నలుగురు కుర్రకారు కారుతో ఒకణ్ణి గుద్ది, చచ్చాడనుకుని నీళ్లలో పడేస్తారు, ఏడాది తర్వాత ఆ పని మాకు తెలుసు అని చీటీ వస్తుంది, ఆ తర్వాత రెయిన్ కోటు, టోపీ, చేతిలో జాలర్ల కొక్కెం, ఒక్కొక్కరూ పోతారు. మిగిలింది జూలీ, రే, అంటే జెన్నిఫర్ లవ్ హ్యూయిట్, ఫ్రెడ్డీ ప్రింజ్ జూనియర్. రెండో పార్టులో జూలీ కాలేజీలో ఉంటుంది, నిద్ర పట్టదు, క్లాసులో కునుకు తీసి కేకలేస్తుంది, రూమ్మేట్ కార్లా (సింగర్ బ్రాండీ) ఈ రేడియో ట్రిప్ గెలుస్తుంది, కార్లా బాయ్‌ఫ్రెండ్ టైరెల్, విల్ అనే మంచబ్బాయి, మొత్తం నలుగురు బహమాస్ దీవికి పోతారు, అక్కడేమో తుఫాన్ల సీజన్ మొదలు, ఆఖరి పడవ వెళ్లిపోద్ది, హోటల్లో నలుగురైదుగురు తప్ప జనం లేరు, కొక్కెం వచ్చేసింది. ఇంకో మాట, టైటిల్‌లో పోయిన వేసవి అంటారు గానీ లెక్క ప్రకారం అది అంతకుముందు వేసవి, దీని మీద అప్పటినుంచి ఇప్పటిదాకా జోకులు ఆగలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఈ సినిమాని అమెరికా క్రిటిక్స్ మామూలుగా కొట్టలేదు. రాటెన్ టొమాటోస్ అని రివ్యూలన్నీ కలిపి మార్కులేసే సైట్‌లో వందకి పది మార్కుల దగ్గరే ఏళ్ల తరబడి మూలుగుతోంది. ముందే ఊహించొచ్చు, ఉత్తినే పిల్లి దూకినట్టు ఉలిక్కిపడే షాట్లు, హీరోయిన్ మీద కెమెరా పోకడ బాలేదు, మొదటిదే గొప్పది కాదంటే దానికి జిరాక్స్, ఇవీ మామూలుగా వినపడే మాటలు. చూసిన జనం కూడా సినిమాని పట్టుకుని నవ్వారు, ముఖ్యంగా ఆ రేడియో ప్లాన్ మీద. చేపలు పట్టుకునే ఆ హంతకుడికి నలుగురికి బహమాస్ టికెట్లు, హోటల్ రూములు ఎక్కణ్ణుంచి వచ్చాయి, అంత డబ్బుంటే కొక్కెం ఎందుకు హాయిగా బతకొచ్చుగా, వాళ్లు పొరపాటున బ్రెసీలియా అని కరెక్టుగా చెప్పుంటే ఏం చేసేవాడు, ఇట్లాంటి ప్రశ్నలు. అన్నీ న్యాయమైన ప్రశ్నలే, నేను కాదనను.

కానీ నాకొక పేచీ ఉంది. అందరూ ఎగతాళి చేసే ఆ ఒక్క బ్రెజిల్ ప్రశ్నే ఈ సినిమాలో శ్రద్ధగా రాసిన సంగతి. ఆలోచించండి, సస్పెన్స్ సినిమా అంటే క్లూ మన కళ్ల ముందు పెట్టాలి, మనం చూడకుండా దాటిపోవాలి. ఇక్కడ క్లూని దాచలా, మైకులో గట్టిగా అరిచి మరీ చెప్పారు. తప్పు జవాబు చెప్పారు, అవతలివాడు కరెక్ట్ అన్నాడు, అంటే అవతల ఉన్నది రేడియో వాడు కాదు. ఇంత సింపుల్. హోటల్లో చావులు మొదలయ్యాక గానీ జూలీకి ఆ సంగతి తట్టదు, మన హాస్టల్ బ్యాచ్‌కి అసలు తట్టనే లేదు. తొమ్మిది మందిమి కాబోయే ఇంజినీర్లం హంతకుడితో కలిసి చప్పట్లు కొట్టామంటే ఆ క్లూ పని చేసినట్టే కదా. మేనకోడలు పట్టేసింది అంటే అది ఆ పిల్ల గొప్ప, సినిమా తప్పు కాదు. జవాబు పుస్తకంలో ఎవడైనా చూసుకోవచ్చు, మోసం లేదు, నాకు మాత్రం ఇది నచ్చింది.

ఇంకో క్లూ ఉంది, అది మా పిల్లకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. విల్ పూర్తి పేరు విల్ బెన్సన్. హంతకుడి పేరు బెన్ విల్లిస్. బెన్సన్ అంటే బెన్ కొడుకు. చివర్లో ఆ మంచబ్బాయి వానలో నిలబడి ఈ ముక్క విడమరిచి చెప్తుంటే ఇద్దరం ఒకేసారి 'ఛీ' అన్నాం. ఛీ ఎందుకంటే, బ్రెజిల్ క్లూ కనిపెట్టినందుకు వచ్చిన గౌరవం మొత్తం ఇక్కడ పోయింది, ఇది అచ్చంగా పిల్లల పజిల్ బుక్కులో ఉండే పద్ధతి. పోనీ విల్‌గా వేసిన మ్యాథ్యూ సెటిల్ బాగా చేశాడా అంటే మంచోడిలా ఉన్నంతసేపు బాగానే ఉన్నాడు, విలన్ అయ్యాక మాత్రం మన టీవీ సీరియల్ అత్తగారిలా కళ్లు తిప్పడం మొదలెట్టాడు.

అయితే సినిమా ఎక్కడ చెడిందంటే, నా ఉద్దేశంలో లాజిక్ దగ్గర కాదు. మొదటి పార్టులో హెలెన్ అనే అమ్మాయి, సారా మిషెల్ గెల్లర్ చేసింది, చచ్చే ముందు పెద్ద ఛేజింగ్ ఉంటుంది, షాపులోంచి తప్పించుకుని, కిటికీలోంచి దూకి, సందులోకి వచ్చి, అవతల రోడ్డు మీద ఊరేగింపు బ్యాండు మోగుతోంది, జనం అక్కడే ఉన్నారు, ఇంకో నాలుగడుగులు వేస్తే బతికేది. అప్పటికే మనకి ఆ పిల్ల తెలుసు, అందాల పోటీ గెలిచింది, పెద్ద నటిని అవుతా అంది, కలలన్నీ చెదిరి చివరికి ఆ ఊళ్లోనే మిగిలిపోయింది, అక్కతో పడదు. అందుకే ఆ సందులో మనకి ఊపిరాడదు. మా మేనకోడలు కుర్చీ చేతులు పట్టుకుని చూసింది ఆ సీన్, మొబైల్ పక్కన పడేసి.

రెండో పార్టులో చచ్చేవాళ్లలో సగం మంది హోటల్ స్టాఫ్. పడవ దగ్గర పనివాడు, రూములు ఊడ్చే ఆవిడ, మేనేజరు, స్విమ్మింగ్ పూల్ దగ్గర జమైకా రాస్తాఫారీల్లా జడలేసుకుని మత్తులో తిరిగే తెల్ల కుర్రాడు. వాళ్ల గురించి మనకి ఏం తెలుసు? ఏం తెలీదు. వస్తారు, నాలుగు మాటలంటారు, కొక్కెం పడుద్ది. మా పిల్ల మొబైల్ చూస్తూనే 'ఇంకొకడు' అని లెక్కపెట్టింది. భయం వెయ్యాల్సిన చోట లెక్కలేసుకున్నాం అంటే సినిమా అయిపోయినట్టే. ఆ జడల కుర్రాడు ఎవరనుకున్నారు, జాక్ బ్లాక్! అప్పటికి ఇంకా పెద్ద పేరు లేదు, టైటిల్స్‌లో కూడా పేరు వెయ్యలేదు, ఆ జడల విగ్గు చూస్తే మీకు జాలేస్తది. మేనేజరుగా చేసింది జెఫ్రీ కూంబ్స్, హారర్ అభిమానులకి ఆయన దేవుడు లెక్క, ఆయనకి ఇచ్చింది చిరాకు మొహం పెట్టే పని ఒక్కటే. అంత నటుణ్ణి పిలిచి తాళం చెవులు ఇప్పించారు.

మధ్యలో హీరో రే సంగతి వేరే సినిమాలా నడుస్తుంది. వాడు దీవికి రానంటాడు, తర్వాత మనసు మార్చుకుని బయల్దేరతాడు, దారిలో హంతకుడు వల వేస్తాడు, స్నేహితుడు చస్తాడు, వీడు దెబ్బలతో బయటపడి, పెళ్లికి అడుగుదామని కొన్న ఉంగరం తాకట్టు షాపులో ఇచ్చి పిస్టల్ కొంటాడు. ఐడియా బాగుంది కదా? నాకు బాగా నచ్చింది, ఉంగరం ఇచ్చి తుపాకి తెచ్చుకోవడం అనేది తెలుగు సినిమాలో అయితే ఒక పాట, రెండు డైలాగులు పడేవి. ఇక్కడ ముప్పై సెకన్లలో దాటేశారు. మనవాడు పడవలు మారి, తుఫానులో పడి దీవికి చేరేసరికి సగానికి పైగా జనం అయిపోయారు.

సరే, క్రిటిక్స్ సంగతి అట్లా ఉంచి జనం ఏమన్నారో కలెక్షన్లు చూస్తే తెలుస్తుంది, మన ట్రేడ్ భాషలో చెప్పాలంటే ఓపెనింగ్స్ అదిరాయి, ఫుల్ రన్ పడుకుంది. మొదటి పార్టు అమెరికాలో ఫస్ట్ వీకెండ్ కోటీ 58 లక్షల డాలర్లు చేసి, వరసగా మూడు వారాలు నంబర్ వన్‌గా నిలబడి, మొత్తం 7 కోట్ల 20 లక్షలు దాటింది. రెండోది 1998 నవంబర్ 13న, అంటే పదమూడో తేదీ శుక్రవారం, హారర్ వాళ్లకి సెంటిమెంట్ డేటు, ఆ రోజు దిగి ఫస్ట్ వీకెండ్‌లో కోటీ 65 లక్షలు తెచ్చింది, అంటే మొదటిదానికంటే ఎక్కువే. మొత్తం మాత్రం 4 కోట్ల దగ్గర ఆగింది. లెక్క చూడండి, మొదటిది మూడు రోజుల్లో తెచ్చింది మొత్తంలో ఇంచుమించు అయిదో వంతు, రెండోది మూడు రోజుల్లోనే నూటికి నలభై లాగేసింది. దీనర్థం ఏంటి, జనం మొదటి పార్టు మీద ప్రేమతో పరిగెత్తుకొచ్చారు, బయటికెళ్లి స్నేహితుడికి వద్దురా బాబూ అని చెప్పారు. మౌత్ టాక్ అంటే అదే. అమెరికాలో అయినా ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో అయినా సోమవారం మ్యాట్నీ అబద్ధం చెప్పదు.

ఇందులో సినిమా ఒక్కదాని తప్పే లేదు లెండి. 1996 డిసెంబర్‌లో 'స్క్రీమ్' హిట్టయ్యాక అందరూ టీనేజర్లని కత్తులతో తరిమే సినిమాల మీద పడ్డారు. 1998 ఆగస్టులో హాలోవీన్ సిరీస్‌ది ఒకటి, సెప్టెంబర్‌లో 'అర్బన్ లెజెండ్', అక్టోబర్‌లో చకీ అనే హంతక బొమ్మ పెళ్లి సినిమా, నవంబర్‌లో ఇది. సంక్రాంతికి ఇంట్లో నాలుగు రోజులు వరసగా అరిసెలు పెడితే అయిదో రోజు పెరుగన్నం అడుగుతాం కదా, అట్లా అయిపోయింది జనానికి. సీక్వెల్ అయితే పాడవ్వాలని రూలు కూడా లేదు, 1997 డిసెంబర్‌లో వచ్చిన 'స్క్రీమ్ 2'ని క్రిటిక్స్ మెచ్చుకున్నారు, డబ్బులూ వచ్చాయి. దాంట్లో కాలేజీ పిల్లలు క్లాసులో కూర్చుని సీక్వెల్స్ ఎప్పుడూ మొదటిదానికంటే చెత్తగా ఉంటాయా లేదా అని వాదించుకునే సీనే ఉంటుంది, అంటే జనం ఏం అనబోతున్నారో వాళ్లే ముందు అనేశారు. ఆ కథ రాసింది కెవిన్ విలియమ్సన్. మన కొక్కెం మొదటి పార్టు రాసింది కూడా ఆయనే, రెండోదానికి మాత్రం ఆయన లేడు, ట్రే క్యాలవే రాశాడు, డైరెక్టర్ కూడా మారాడు, డానీ కానన్ వచ్చాడు. మొదటి పార్టు రిలీజైన పదమూడు నెలలకే రెండోది థియేటర్లో ఉంది, ఆ తొందర తెర మీద కనపడుతుంది.

డానీ కానన్‌ని మరీ తీసిపారెయ్యను. ఆయన వాన బాగా తీశాడు. సినిమా రెండో సగం మొత్తం వానే, ఖాళీ హోటల్ కారిడార్లు, గాలికి కొట్టుకునే తలుపులు, చూస్తుంటే మనకే తడిసిన బట్టల వాసన వస్తుంది. బహమాస్ అని చెప్పారు గానీ దీవి సీన్లు ఎక్కువ మెక్సికోలో తీశారు. ఇదే డైరెక్టర్ తర్వాత టీవీలో 'సీఎస్ఐ' అనే క్రైమ్ సీరియల్ మొదటి ఎపిసోడ్ తీశాడు, ఆ సిరీస్‌ని ఏళ్ల తరబడి నడిపించినవాళ్లలో ఒకడు, అది చూసినవాళ్లకి ఆ నీలం పచ్చ లైటింగ్ ఇక్కడే గుర్తొస్తుంది.

జనం ఇప్పటికీ చెప్పుకునేవి రెండు సీన్లు. ఒకటి కరోకే. హోటల్ బార్లో అందరూ బలవంతం చేస్తే జూలీ మైకు పట్టుకుని 'ఐ విల్ సర్వైవ్' పాడుతుంది, తెర మీద పాట అక్షరాలు పోతూ పోతూ మధ్యలో పోయిన వేసవి నువ్వేం చేశావో నాకింకా తెలుసు అని పడుతుంది. పాటేమో నేను బతికి తీరతా అని, కింద అక్షరాలేమో నిన్ను చంపి తీరతా అని. బావ అప్పటిదాకా సోఫాలో గురక పెడుతున్నాడు, అక్కడ లేచి 'ఇది బాగుందే' అని మళ్లీ పడుకున్నాడు, ఇంతకంటే నిష్పాక్షికమైన ఆడియన్స్ రియాక్షన్ మీకు ఎక్కడా దొరకదు. రెండోది టానింగ్ బెడ్, అదేదో ఒంటికి ఎండ రంగు తెప్పించే పెట్టె, లోపల పడుకుంటే లైట్లు వేస్తారు. హంతకుడు దాన్ని బిగించి వేడి పెంచేస్తాడు. వంటింట్లోంచి వచ్చిన అక్క అది చూసి 'ఎండ కోసం డబ్బులిచ్చి పెట్టెలో పడుకోవడం ఏంట్రా, మే నెలలో రెంటచింతల పంపించండి వాళ్లని' అంది. సీన్ టెన్షన్ మొత్తం అక్కడే ఆవిరైంది, అది వేరే సంగతి.

నటన విషయానికొస్తే బ్రాండీ. ఆ ఏడాది 'ది బాయ్ ఈజ్ మైన్' పాటతో ఊపేసిన పిల్ల, పాపులారిటీ కోసం పెట్టారులే అనుకుంటాం కానీ సినిమాలో నవ్వూ, భయమూ, చిరాకూ అన్నీ ఆ అమ్మాయి దగ్గరే సహజంగా ఉన్నాయి. నల్లవాళ్ల పాత్రలు ముందే పోవడం అనేది హాలీవుడ్ హారర్‌లో పాత జబ్బు, జనం దీని మీద జోకులేసేవాళ్లు, అలాంటిది కార్లా గాజు పైకప్పులోంచి పడి, కిటికీలు పగలగొట్టుకుని, తన్నులు తిని చివరికి బతికి బయటపడుతుంది. చాలామంది ఈ సినిమాని ఇష్టపడటానికి ఇదే కారణం అని నేను చదివా, విన్నా కూడా. అదే సినిమాలో బిల్ కాబ్స్ లాంటి పెద్ద నటుడికి దీవి మంత్రగాడి టైపు వేషం ఇచ్చి అనుమానమంతా ఆయన మీదకి తోశారు, అది ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. టైరెల్‌గా మెకై ఫైఫర్‌ది ఇరవై నాలుగ్గంటలూ ఆకలీ, అమ్మాయి పిచ్చీ తప్ప ఇంకేం లేని పాత్ర, అయినా కాసేపు నవ్వించాడు.

హ్యూయిట్ గురించి అన్యాయంగా రాశారు అనిపిస్తుంది నాకు. సినిమా వచ్చేనాటికి ఆమెకి 19 ఏళ్లు. నిద్ర లేని మనిషి మొహం ఎలా ఉంటుందో మొదటి పావుగంటలో బాగా చూపించింది, ఆ తర్వాత కెమెరాకి ఆ మొహం అక్కర్లేకపోయింది, తుఫానులో కూడా పల్చటి బట్టలే. మేనకోడలు 'హోటల్లో ఒక్క దుప్పటి కూడా లేదా మావయ్యా' అంది. 2002లో మాకు ఆ ప్రశ్న రాలేదు, నిజం ఒప్పుకోవాలి.

ఈ సిరీస్ మీద అన్నిటికంటే ఘాటైన రియాక్షన్ క్రిటిక్‌ది కాదు, మూలకథ రాసిన ఆవిడది. లోయిస్ డంకన్ 1973లో పిల్లల కోసం రాసిన నవల అది, అందులో కొక్కెం లేదు, ఈ నరుకుళ్లు లేవు, చేసిన తప్పు దాచిపెట్టిన నలుగురి మనసు ఎలా కుళ్లిపోద్దనేదే కథ. 1989లో ఆవిడ సొంత కూతురు హత్యకి గురైంది. అలాంటి తల్లి రాసిన పుస్తకాన్ని తీసుకెళ్లి మొదటి పార్టులో రక్తం చిమ్మించారు, ఆవిడ చాలా బాధపడింది, తనకి ఆ సినిమా ససేమిరా నచ్చలేదని బయటికే చెప్పింది. ఇది తెలిశాక నాకు కొక్కెం షాట్లు కొంచెం చేదుగానే ఉన్నాయి. హిందీ వాళ్లు కూడా ఇదే కథ ఎత్తి 2003లో తుషార్ కపూర్, ఈషా డియోల్‌తో 'కుఛ్ తో హై' తీశారు, దాని జోలికి నేను వెళ్లను.

ఇక ముగింపు. కిల్లర్లు ఇద్దరూ పోయారు, ఏడాది తర్వాత జూలీ, రే పెళ్లి చేసుకుని కొత్తింట్లో ఉంటారు, రే బాత్రూంలో పళ్లు తోముకుంటున్నాడు, తలుపు గడి దానంతట అదే పడింది, జూలీ మంచం మీద కూర్చుని అద్దంలో చూస్తే మంచం కింద వాడు. లాగేశాడు. కట్. మా పిల్ల 'మరి తర్వాత?' అంది. తర్వాత ఏం లేదు తల్లీ. 2006లో మూడోది అని నేరుగా డీవీడీకి వదిలారు, దాంట్లో జూలీ లేదు, రే లేడు. 2025 సినిమాలో జూలీ బతికే ఉంది, ప్రొఫెసర్ అయింది, రేతో విడాకులు కూడా అయిపోయాయి, మంచం కిందనుంచి ఎలా బయటపడిందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మంచం మీద నమ్మకంతో ఇన్నేళ్లు ఆగినవాళ్లకి ఇంతకంటే అవమానం ఉండదు. కానీ దాంట్లో ఆఖరి టైటిల్స్ మధ్యలో బ్రాండీ ఒక సీన్‌లో కనిపిస్తుంది, కార్లాగానే, జూలీ, కార్లా ఇద్దరూ మళ్లీ కలిశారు, నాకైతే మొత్తం టికెట్ డబ్బులు అక్కడ వచ్చేశాయి.

రేటింగ్ అడుగుతారు కాబట్టి, 5కి 2.25. ఆ పావు బ్రెజిల్‌కి. వానాకాలం రాత్రి, పక్కన వాగే మనుషులు ఉంటే చూడండి, ఒంటరిగా అయితే మొదటి పార్టు చాలు.

ఒకటి మర్చిపోయా. 2025 సినిమాలో కిల్లర్ ఎవరో చెప్పేస్తున్నా, వద్దనుకుంటే ఇక్కడే ఆపెయ్యండి. ఇద్దరు హంతకులు, అందులో ఒకడు రే. అవును, హీరో రే, చివర్లో కొక్కెం పట్టుకుని. దీని మీద పాత అభిమానులు ఎంత గొడవ చేశారో, మా రేని ఇలా చేస్తారా అని. నేనైతే థియేటర్లో ఒక్కసారి లేచి నిలబడ్డా. 2002లో సీడీ ఆగిపోయిన రాత్రి మావాడు చెప్పింది పొల్లుపోకుండా ఇదే. వాడిప్పుడు డాలస్‌లో ఉంటాడు, ఇంటర్వెల్లో మ్యాగీ పెట్టేవాడు కూడా వాడే, సినిమా నుంచి బయటికి రాగానే మెసేజ్ పెట్టా, ఒరేయ్ నువ్వు చెప్పినట్టే హీరోనే కిల్లర్ అయ్యాడురా, ఇరవై మూడేళ్లు పట్టింది అని. వాడికి సినిమా సంగతే గుర్తులేదు. 'ఏ సినిమారా? సరేలే, ఆ మ్యాగీ ప్యాకెట్ల డబ్బులు నువ్వు ఇవ్వలేదు గుర్తుందా' అని పెట్టాడు.